విట్బీని ఎలా చూడాలి: ఇంగ్లండ్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే హైదరాబాద్ వారి కోసం

నల్లకుంటలో మేముండే వీధిలోనే ఇంగ్లండ్‌లో పిల్లలున్న ఇళ్లు అయిదు ఉన్నాయి. వేసవి వచ్చేసరికి ఎవరో ఒకరు నెలకో రెండు నెలలకో అక్కడికి ప్రయాణమవుతారు. వారి పిల్లల్లో కొందరు ఉత్తర ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో, లీడ్స్‌లో ఉంటారు. మిడిల్స్‌బరోలో టీసైడ్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల వీధుల్లో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడటం ఇప్పుడు వింత కాదు. సెలవు రోజున ఆ పిల్లలు తల్లిదండ్రులను సముద్రం చూపించడానికి తీసుకువెళ్లే చోట్లలో విట్బీ ఒకటి. యార్క్‌షైర్ తీరంలో, ఎస్క్ నది ఉత్తర సముద్రంలో కలిసే చోట, రెండు కొండల మధ్య ఒదిగిన ఆ రేవు పట్టణం జనాభా 12, 13 వేలకు మించదు.

మొదటిసారి మేము ఆ ఊరిని అందరూ చూసినట్టే చూశాం. రైలు దిగి, మెట్లెక్కి, కొండ మీది పాత మఠం శిథిలాల ముందు ఫోటో దిగి, రెండున్నర గంటల్లో తిరుగు రైలు పట్టుకున్నాం. హైదరాబాద్ వచ్చాక ఎవరైనా అడిగితే గాలి బాగా వేసిందని చెప్పడం తప్ప నా దగ్గర మరో మాట లేకపోయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పినవాణ్ని కాబట్టి ఆ సంగతి నన్ను చాలా రోజులు బాధించింది. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లినప్పుడు ఇక్కడే కూర్చుని కొంత సిద్ధమై వెళ్లి, అక్కడ రెండు రోజులున్నాం. ఆ రెండో ప్రయాణంలో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

నేను పాటించిన పద్ధతి ఒక్క మాటలో చెప్పదగినది. రేవు పట్టణంలో ఏ గోడ ముందు, ఏ మెట్టు మీద, ఏ సందు మొదట్లో నిలబడినా ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీన్ని కట్టిన రోజుల్లో ఈ ఊరికి కూడు పెట్టింది ఏది? విట్బీకి ఒక కాలంలో మఠం, తరువాత పటిక, బొగ్గు, ఓడలు, తిమింగలాలు, నల్లరాయి, చేపలు వరుసగా అన్నం పెట్టాయి. ఇప్పుడు మనలాంటి యాత్రికులు పెడుతున్నారు. ప్రతి ఒక్కటీ పోతూ పోతూ తన గుర్తును ఊళ్లో వదిలి వెళ్లింది. ఆ గుర్తులను వరుసలో పెట్టుకుంటే ఊరు తనంతట తానే అర్థమవుతుంది.

ఇంట్లో కూర్చుని చేసుకోవలసిన పని

వీసా, విమానం సంగతి పిల్లలు చూసుకుంటారు కనుక వాటిని వదిలేస్తున్నాను. మీరు చేయవలసినవి మూడు పనులు.

మొదటిది, మీరు వెళ్లే రోజుకు విట్బీ ఆటుపోట్ల వేళలు చూసుకోవడం. సముద్రానికి ఇంత దూరాన బతికే మనకు ఈ సంగతి తట్టదు గానీ, అక్కడ ప్రతి పనీ దాని ప్రకారమే నడుస్తుంది. రోజుకు రెండుసార్లు నీరు నిండుతుంది, రెండుసార్లు తీస్తుంది. నీరు తీసినప్పుడు రేవులో సగం మేర బురద తేలి పడవలు ఒరిగి కూర్చుంటాయి, నిండినప్పుడు అదే రేవు నిండుకుండలా ఉంటుంది. ఈ రెండు రూపాలూ చూడనిదే రేవును చూసినట్టు కాదు. ఒడ్డున శిలాజాల కోసం నడవాలనుకుంటే ఈ లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే కొండ కింద నడుస్తుండగా పోటు వచ్చిందంటే వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది.

రెండోది, పాత పటం. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వారు ఇంగ్లండ్‌కు చెందిన పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటిష్ ప్రభుత్వ పటాల సంస్థ) పటాలను కూడా తమ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసేలా ఉంచారు. పాత పటాన్నీ నేటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూసే సదుపాయం కూడా అందులో ఉంది. 1908 మూసీ వరద తరువాతి సంవత్సరాల్లో లెనార్డ్ మన్ అనే అధికారి తయారుచేయించిన హైదరాబాద్ పటాలను చూసినవారికి ఈ పని ఎంత రుచిగా ఉంటుందో తెలుసు: ఇప్పుడు కాంప్లెక్స్ ఉన్న చోట ఒకప్పుడు ఎవరి తోట ఉండేదో మన్ పటం చెప్పినట్టే, ఇప్పుడు ఖాళీగా కనిపించే నది ఒడ్డున ఒకప్పుడు ఏముండేదో విట్బీ పటం చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరి పటంలో ఊరికి వచ్చే రైలు దారులను వేలితో వెంబడించండి. వాటిలో ఒక్కటే ఇప్పుడు మిగిలిందన్న సంగతి తరువాత పనికొస్తుంది.

మూడోది, ఫ్రాంక్ మెడో సట్‌క్లిఫ్ తీసిన ఫోటోలు. 1853లో పుట్టి 1941లో చనిపోయిన ఈయన విట్బీలో స్టూడియో నడిపి, తీరిక దొరికినప్పుడల్లా కెమెరా పట్టుకుని రేవుకు వెళ్లేవాడు. గంపలు మోసే ఆడవాళ్లు, వల బాగుచేసుకునే ముసలివాళ్లు, పడవ అంచున వేలాడే పిల్లలు ఆయన చిత్రాల్లో కనిపిస్తారు. అదే కాలంలో మన రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం కొలువులో ఉండి మహళ్లను, వేటలను, దర్బారులను ఫోటో తీశాడు. ఇద్దరి చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడమని నా సలహా. దీన్ దయాళ్ చిత్రాల వల్ల మనకు నవాబుల ముఖాలు దక్కాయి. విట్బీకి తన కూలీల ముఖాలు, పేర్లతో సహా కొన్ని, దక్కాయి. ఆ ఊరు వీధుల్లో నడిచేటప్పుడు ఈ ముఖాలు మనకు తోడు వస్తాయి.

వెళ్లే దారి

మిడిల్స్‌బరో నుంచి రైలులో వెళ్లండి. దాదాపు గంటన్నర ప్రయాణం. బాటర్స్‌బీ అనే చిన్న స్టేషన్‌లో రైలు ఆగితే డ్రైవర్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్లి, వచ్చిన దిక్కుకే బండిని మళ్లిస్తాడు. అక్కడి నుంచి ఎస్క్ నదిని అటూ ఇటూ దాటుకుంటూ లోయ వెంట రైలు సముద్రం వైపు దిగుతుంది. లీడ్స్, యార్క్‌లలో ఉండేవారికి కొండల మీదుగా బస్సు ఉంది, ఆ దారి కూడా అందమైనదే, కానీ రేవు పట్టణాన్ని దాని నది వెంట చేరుకోవడమే సరైన రాక అని నాకనిపిస్తుంది.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా రేవు. అందరూ మఠం శిథిలాల కోసం తలెత్తి చూస్తారు. మీరు ముందు వంతెన మీదికి వెళ్లండి. ఊరిని రెండుగా చీల్చే నదికి ఇది ముడి. 1909లో ప్రారంభమైన ఈ వంతెన ఓడలు వచ్చినప్పుడు రెండు రెక్కలుగా పక్కకు తిరుగుతుంది. పోటుకు ముందూ వెనకా గంటా రెండు గంటల్లో అక్కడుంటే గంట మోగడం, గేట్లు పడటం, జనం ఆగడం, వంతెన కదలడం చూడవచ్చు. మేమున్న రోజున ఒక పీతల పడవ దాటింది. దాని మీద నీలిరంగు తాళ్లు చుట్టిన బుట్టలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. పడవలోని కుర్రవాడు తలెత్తకుండా ఒక బుట్ట ముడి విప్పుతూనే మా కాళ్ల ముందు నుంచి వెళ్లిపోయాడు.

ఊరి పేరు గురించి అక్కడే ఒక మాట చెప్పుకోవాలి. ఏడో శతాబ్దంలో ఈ చోటుకు స్ట్రెయోనెషాల్ అని పేరు. తరువాత డెన్మార్క్, నార్వేల వైపు నుంచి సముద్రం దాటి వచ్చిన వైకింగులు స్థిరపడి తమ భాషలో పేరు పెట్టారు. చివరి 'బీ' అనే మాటకు వారి భాషలో పల్లె అని అర్థం, మన పేర్ల చివర పల్లి, పాలెం ఉన్నట్టే. సెల్బీ, డార్బీ అన్న పేర్లు ఎక్కడ వినబడినా ఆ పడవలవాళ్లు అక్కడిదాకా వచ్చారని గుర్తు.

తూర్పు ఒడ్డు, మెట్లు, మఠం

వంతెన దాటి తూర్పున చర్చి స్ట్రీట్‌లో నడవండి. ఇది పాత ఊరు. ఎర్ర పెంకుల ఇళ్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడవలసిన సందులు. నది వైపు దిగే సందుల పేర్లలో కొన్ని చోట్ల 'ఘాట్' అన్న మాట కనబడుతుంది. మూలం ఏదైనా పని మాత్రం మన ఘాట్ చేసే పనే, నీళ్లలోకి దించే దారి. ఈ సందుల్లోనే సట్‌క్లిఫ్ ఫోటోల్లోని జనం బతికారు. మన పాత బస్తీలో ఒక దేవిడీలో పది కుటుంబాలు సర్దుకున్నట్టు ఒక్కొక్క పెరట్లో ఎన్నో కుటుంబాలు ఉండేవి.

వీధి చివర 199 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవారు సిగ్గుపడవలసిన పని లేదు. కారులో వెళ్లేవారికి వెనకవైపు నుంచి శిథిలాల దాకా రోడ్డు ఉంది. ఎక్కగలిగినవారు మధ్యమధ్య వచ్చే వెడల్పాటి తిన్నెల దగ్గర తప్పక ఆగండి. శవపేటికను భుజాన మోసుకుంటూ పైన ఉన్న శ్మశానానికి వెళ్లేవారు దింపుకుని ఊపిరి తీసుకోవడానికి అవి పనికొచ్చేవి. పైన ఉన్న సెయింట్ మేరీస్ చర్చి 12వ శతాబ్దంలో మొదలైంది. లోపలికి వెళ్లి తలెత్తితే చెక్క గ్యాలరీలు, తలుపులున్న పెట్టెల్లాంటి ఆసనాలు ఓడ లోపలి గదుల్ని తలపిస్తాయి. రేవు ఊళ్లో వడ్రంగి అంటే ఓడ వడ్రంగి కదా. శ్మశానంలో రాళ్ల మీది పేర్లను సముద్రపు గాలి తినేసింది. కొండ అంచు విరిగిపడుతూ ఉండటంతో 2012 చివర్లో కొన్ని పాత సమాధుల ఎముకలు కింది వీధి వైపు జారిపడ్డాయి కూడా. ఈ ఊరు నిలబడిన నేల రోజురోజుకూ కొంచెం కొంచెంగా సముద్రం పాలవుతోంది.

పక్కనే మఠం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలవాలని నా కోరిక. 657లో ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజ్యాన్ని ఏలిన ఓస్వియు కాలంలో ఇక్కడ మఠం వెలసింది. ఆడవారూ మగవారూ కూడా ఉన్న ఆ మఠానికి అధిపతి హిల్డా అనే స్త్రీ. 664లో ఇక్కడే ఒక పెద్ద సభ జరిగింది. దాని విషయం మన తెలుగువారికి చెప్పినంత తేలికగా ఇంకెవరికీ చెప్పలేం: ఈస్టర్ పండుగ ఏ రోజు జరపాలన్న తగాదా అది. రాజు ఐర్లండ్ సన్యాసుల లెక్క పాటించేవాడు, రాణి రోమ్ లెక్క పాటించేది. కాబట్టి ఒకే కోటలో రాజు పండుగ చేసుకుంటుంటే రాణి ఇంకా ఉపవాసంలో ఉండే పరిస్థితి వచ్చిందని బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన తన చరిత్రలో రాశాడు. దృక్ పంచాంగం, పూర్వ పద్ధతి పంచాంగం అంటూ దసరా ఒకరింట ఈ రోజు, ఇంకొకరింట రేపు జరిగే మనకు ఆ ఇబ్బంది తెలుసు. సభలో ఓస్వియు రోమ్ లెక్క వైపు మొగ్గాడు. ఇంగ్లండ్ చర్చి ఐరోపా ఖండంతో ముడిపడటానికి ఆ తీర్పు బాట వేసింది.

ఆ మఠంలోనే కాడ్‌మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. విందుల్లో వీణ తన వంతుకు వస్తుందనగానే పాడటం రాదని లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి సృష్టి గురించి పాడమన్నారనీ, అతను పాడాడనీ, మరునాడు హిల్డా అతన్ని మఠంలోకి తీసుకుందనీ బీడ్ చెబుతాడు. ఇంగ్లిష్ భాషలో మనకు పేరు తెలిసిన మొదటి కవి ఈ కాపరే. ఆయన పేరిట 1898లో చర్చి ఆవరణలో నిలిపిన శిలువ ముందు నేను చేతులు జోడించాను, అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇప్పుడు కళ్లకు కనబడే శిథిలం హిల్డా కాలానిది కాదని గుర్తుంచుకోండి. తొమ్మిదో శతాబ్దంలో వైకింగుల దాడుల కాలంలో ఆ మొదటి మఠం అంతరించింది. ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక 11వ శతాబ్దం చివర్లో తిరిగి మొదలై, 13వ శతాబ్దం నుంచి కట్టిన రాతి కట్టడపు అవశేషాలే ఇవి. 1539లో ఎనిమిదో హెన్రీ రాజు మఠాన్ని మూసేయించాడు, 1830లో మధ్య గోపురం కూలింది, 1914 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకలు సముద్రం మీది నుంచి పేల్చిన గుండ్లు పడమటి గోడను దెబ్బతీశాయి.

పటిక, బొగ్గు, ఓడలు

మఠం మూతపడిన తరువాత విట్బీ చిన్న చేపల పల్లెగా మిగిలేదే. దాన్ని రేవుగా నిలబెట్టినది పటిక. ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు, చూడటానికి అందమైన కట్టడమేదీ లేదు కనుక. మనం దాటేయకూడదు, ఎందుకంటే బందరు, పెడన కలంకారీ తెలిసినవారికి పటిక చుట్టమే. బట్టను కరక్కాయ నీటిలో నానబెట్టి, పటికతో అచ్చు వేస్తేనే ఎర్రరంగు బట్టను పట్టుకుంటుంది. పటిక లేకపోతే రంగు నీళ్లలో వెళ్లిపోతుంది. ఇంగ్లండ్ ఉన్ని నేతకూ అదే అవసరం. 17వ శతాబ్దం ఆరంభం నుంచి ఈ తీరంలోని కొండరాయిని తవ్వి, గుట్టలుగా పోసి నెలల తరబడి కాల్చి, నీటిలో నానబెట్టి, ఆ నీటిని మరిగించి పటిక తీసేవారు. అందులో కలపడానికి సముద్రపు నాచు బూడిదో, మనుషుల మూత్రమో కావాలి. మూత్రాన్ని పీపాల్లో నింపి లండన్ వంటి నగరాల నుంచి ఓడల్లో తెప్పించేవారు. మరిగించడానికి బొగ్గు న్యూకాసిల్ వైపు నుంచి రావాలి, తయారైన పటిక బయటికి పోవాలి. రానూపోనూ ఓడలే. ఓడలు కావాలి గనుక ఓడలు కట్టేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు, తెరచాపలు కుట్టేవాళ్లు పుట్టుకొచ్చారు. ఊరికి వాయవ్యంగా సాండ్స్‌ఎండ్ దాకా నడిస్తే గడ్డి కూడా సరిగా మొలవని బూడిద రంగు గుట్టలు కనబడతాయి. 1871 నాటికి ఈ పని ముగిసింది, కొండ మాత్రం ఇంకా కోలుకోలేదు.

గ్రేప్ లేన్‌లోని పాత ఇంటికి ఇప్పుడు వెళ్లండి. అది జాన్ వాకర్ అనే ఓడ యజమాని ఇల్లు. 1746లో జేమ్స్ కుక్ అనే కుర్రవాడు ఇక్కడే పనిలో చేరాడు. కుక్ 1728లో పుట్టిన మార్టన్ ఇప్పుడు మిడిల్స్‌బరోలో కలిసిపోయింది. అంటే మన పిల్లలు అద్దెకుండే ఊరి పిల్లవాడే. వాకర్ ఓడల్లో బొగ్గు మోస్తూ పని నేర్చుకున్న కుక్, తరువాత పసిఫిక్ సముద్రయానాలకు వాడిన ఎండెవర్, రెజల్యూషన్, అడ్వెంచర్, డిస్కవరీ నాలుగూ విట్బీలో కట్టినవే. ఎండెవర్ 1764లో బొగ్గు ఓడగా పుట్టింది. రేవులో నీరు తీసినప్పుడు ఇసుక మీద ఒరిగిపోకుండా కూర్చోవాలని బొగ్గు ఓడల అడుగు చదునుగా కట్టేవారు. 1770లో ఆస్ట్రేలియా దగ్గర పగడపు దిబ్బ మీద చిల్లు పడినప్పుడు దాన్ని ఒడ్డుకు లాగి బాగుచేసుకోగలిగింది ఆ చదును అడుగు వల్లనే. ఉదయం మీరు చూసిన బురదలో కూర్చున్న పడవలను ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోండి. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

పడమటి కొండ మీద కుక్ విగ్రహం, దాని దగ్గర తిమింగలం దవడ ఎముకల తోరణం ఉన్నాయి. 1753 నుంచి 1837 దాకా ఇక్కడి ఓడలు ఆర్కిటిక్ సముద్రానికి తిమింగలాల వేటకు వెళ్లేవి; తెచ్చిన కొవ్వును రేవు ఒడ్డునే కరిగించి దీపాల నూనె తీసేవారు. ఓడ తెరచాప స్తంభం పైన పీపాలో నిలబడి చుట్టూ చూసే ఏర్పాటును ఈ ఊరి నావికుడు విలియం స్కోర్స్‌బీ ప్రవేశపెట్టాడు. ఇప్పుడున్న ఎముకలు పాతవి కావు, 2003లో అలాస్కా నుంచి వచ్చినవి. తోరణంలోంచి చూస్తే మఠం చక్కగా అమరుతుందని అందరూ ఫోటో తీసుకుంటారు, మీరూ తీసుకోండి.

నల్లరాయి కొనేటప్పుడు, ఒడ్డున రాళ్లు ఏరేటప్పుడు

విట్బీ జెట్ నిజానికి రాయి కాదు, 18 కోట్ల సంవత్సరాల నాటి చెట్టు కలప నీటి అడుగున నలిగి నల్లగా గట్టిపడినది. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి జీవితాంతం నల్లబట్టలే కట్టింది. దుఃఖంలో ఉన్న స్త్రీలు నల్లని నగలే పెట్టుకోవాలన్న మర్యాద దేశమంతా పాకింది, విట్బీలో వెయ్యి మందికి పైగా ఈ నగలు చెక్కి బతికారు. కొనాలనుకుంటే పత్తర్‌గట్టీలో ముత్యం పరీక్షించినంత శ్రద్ధగా పరీక్షించండి. చేతిలోకి తీసుకుంటే అసలుది ఆశ్చర్యపడేంత తేలికగా, వెచ్చగా ఉంటుంది. నల్ల గాజు చల్లగా, బరువుగా ఉంటుంది. మెరుగు లేని పింగాణీ ముక్క మీద గీస్తే అసలుది గోధుమరంగు చార వదులుతుంది. మంచి దుకాణదారు అడిగితే తానే గీసి చూపిస్తాడు.

ఒడ్డున దొరికే మరో వస్తువు మనకు ఇంకా దగ్గరది. మురి తిరిగిన నత్తగుల్లలా ఉండే అమ్మోనైట్ శిలాజాలు అక్కడ కొండ నుంచి రాలి పడుతుంటాయి. హిల్డా పాములను రాళ్లుగా మార్చిందని అక్కడి కథ. ఊరి చిహ్నంలో అటువంటి పాములు మూడున్నాయి. మా ఆవిడ ఒకదాన్ని తడి ఇసుకలోంచి తీసి, కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇది మన దేవుడి గదిలోది కదా అంది. నిజమే, గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లోని చక్రం కూడా ఈ జాతి ప్రాణి శిలాజమే. కొండకు మరీ దగ్గరగా నిలబడి ఏరకండి, రాళ్లు పడతాయి. సుత్తితో కొండను కొట్టకండి, రాలినవాటిని మాత్రమే ఏరుకోండి. వర్షం పడితే పానెట్ పార్క్‌లోని విట్బీ మ్యూజియానికి వెళ్లండి. 1823లో మొదలైన సంఘం నడుపుతున్న ఆ మ్యూజియంలో పెద్ద సముద్రపు బల్లుల శిలాజాలతో పాటు, పన్నెండు జలగలను పన్నెండు సీసాల్లో పెట్టి తుఫాను రాకను కనిపెట్టడానికి ఒక వైద్యుడు చేసిన యంత్రం నమూనా కూడా ఉంది.

సముద్రం తీసుకున్నవారు

లైఫ్‌బోట్ మ్యూజియానికి గంట కేటాయించండి. ప్రమాదంలో ఉన్న ఓడల వారిని కాపాడటానికి వెళ్లే పడవే లైఫ్‌బోటు. 1861 ఫిబ్రవరి 9న తుఫానులో ఒడ్డుకు కొట్టుకొస్తున్న ఓడల కోసం ఇక్కడి వాళ్లు లైఫ్‌బోటును మళ్లీ మళ్లీ సముద్రంలోకి దింపారు; చివరిసారి అది బోల్తాపడి పదమూడు మందిలో పన్నెండు మంది పోయారు. బతికిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే కొత్తగా వచ్చిన బెండు కోటు తొడుక్కుని ఉన్నాడు. 1914 అక్టోబరు 30న రోహిల్లా అనే ఓడ ఊరికి దగ్గరలోని రాళ్ల మీద విరిగింది. మన రోహిల్లాల పేరే అది; బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కలకత్తా ప్రయాణాలకు కట్టించి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి ఓడగా మార్చిన నౌక. అందులో 229 మంది ఉన్నారు. ఒడ్డు కంటికి కనబడుతూనే ఉంది, అయినా అలల వల్ల పడవలు దగ్గరికి పోలేకపోయాయి. ఒక లైఫ్‌బోటును చేతులతో ఎత్తి గోడ దాటించారు, మరొకదాన్ని కొండ మీది నుంచి తాళ్లతో దించారు. మూడో రోజున టైన్‌మత్ నుంచి మోటారు లైఫ్‌బోటు వచ్చేదాకా అందరినీ దించలేకపోయారు, 80 మందికి పైగా చనిపోయారు. 1864 నవంబరు తుఫానులో బందరు ఒక్క రాత్రిలో ఏమైపోయిందో పెద్దల నోట విన్నవారికి రేవు ఊరి దుఃఖం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పటికీ లైఫ్‌బోట్ సిబ్బందిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే, ఖర్చు విరాళాల మీద నడుస్తుంది. అక్కడున్న డబ్బాలో ఒక నోటు వేసి రండి.

ఇప్పటి ఊరు

అన్నం దగ్గరికి వస్తే, ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. యార్క్‌షైర్‌లో చాలా దుకాణాల్లో చేపలనూ బంగాళాదుంప ముక్కలనూ గొడ్డు కొవ్వులో వేయిస్తారు. శాకాహారులే కాదు, గొడ్డు మాంసం ముట్టని వారెవరైనా 'బీఫ్ డ్రిప్పింగా, వెజిటబుల్ ఆయిలా' అని కౌంటర్ దగ్గర అడగడం మరచిపోవద్దు; నూనెలో వేయించే దుకాణాలు కూడా ఉన్నాయి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. చేతిలో పొట్లం విప్పి రేవు ఒడ్డున తింటే సీగల్ పక్షులు తన్నుకుపోతాయి. చేపలు తినేవారు హెన్రియెట్టా స్ట్రీట్‌లో 1872 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న పొగబెట్టే కొట్టును చూడాలి. హెర్రింగ్ చేపను వీపు వెంట చీల్చి, ఉప్పునీటిలో ఉంచి, కట్టెపొగలో వేలాడదీస్తారు. ఆ కొట్టు గోడలు దశాబ్దాల పొగకు తారులా నల్లబడ్డాయి.

ఆ వీధిలో నడిచేటప్పుడే ఇళ్ల గుమ్మాల పక్కన గోడకు బిగించిన చిన్న నంబరు పెట్టెలను చూడండి. నేను ఒక వరుసలో ఏడు లెక్కపెట్టాను. వాటిలో తాళంచెవులుంటాయి, అద్దెకు వచ్చే యాత్రికుడు నంబరు నొక్కి తీసుకుంటాడు. ఆ పెట్టె ఉన్న ఇంట్లో ఊరివాళ్లు లేరని అర్థం. ఇళ్లు సెలవు ఇళ్లుగా మారి, ధరలు పెరిగి, రేవులో పనిచేసే కుర్రవాళ్లకు ఊళ్లో ఇల్లు దొరకని స్థితి వచ్చింది. 2022 జూన్‌లో ఊరివాళ్లు ఓటు వేసి, కొత్తగా కట్టే ఇళ్లను ఏడాది పొడవునా కాపురముండేవారికే అమ్మాలని పదిమందిలో తొమ్మిదిమందికి పైగా కోరారు. ఆ ఓటుకు చట్టబలం లేదు. 2025 ఏప్రిల్ నుంచి నార్త్ యార్క్‌షైర్‌లో రెండో ఇళ్ల మీద కౌన్సిల్ పన్ను రెట్టింపయింది. చుట్టూ ఊరు మారి తమ బస్తీ తమకే అందని ధరకు చేరడాన్ని గచ్చిబౌలి, కొండాపూర్ పాత కాపులు చూశారు కనుక ఈ బాధ మనకు దూరమైనది కాదు. వీలైతే ఊరివాళ్లు తామే ఉండి నడిపే అతిథి గృహంలో దిగండి. మేము అలాగే దిగాం, ఇక్కడ రాసిన సంగతుల్లో కొన్ని ఉదయం టిఫిన్ బల్ల దగ్గర ఆ ఇంటావిడ చెప్పినవే.

చేపల పని తగ్గింది గానీ చావలేదు. పీతలు, రొయ్యజాతి లాబ్‌స్టర్లు ఇప్పటి పెద్ద రాబడి. 2021 శరదృతువులో ఈ తీరమంతా పీతలు కుప్పలు కుప్పలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కారణం మీద ప్రభుత్వానికీ జాలర్లకూ ఏకాభిప్రాయం కుదరలేదు, 2023 జనవరిలో నిపుణుల సంఘం కూడా ఇదమిత్థమని తేల్చలేకపోయింది. పడవల వాళ్లతో మాట్లాడే అవకాశం వస్తే ఈ మాట మెల్లగా అడగండి, వాళ్లు చెప్పేది ఓపికగా వినండి.

మిగతాదంతా యాత్రికులదే. 1890లో ఇక్కడ కొన్నాళ్లున్న బ్రామ్ స్టోకర్ తన డ్రాక్యులా కథలో కొంత భాగాన్ని ఈ ఊళ్లో జరిగినట్టు రాయడంతో, భయానక కథలు, ఆ తరహా సంగీతం ఇష్టపడే నల్లబట్టల గోత్ అభిమానులు 1994 నుంచి ఇక్కడ కలుసుకుంటున్నారు. వాళ్లు కలుసుకునే రోజుల్లో గదులు దొరకవు. మే నెలలో వెళ్లేవారికి మాత్రం ఒక వేడుక చూడమని చెబుతాను. క్రీస్తు స్వర్గారోహణ పండుగ ముందురోజున పొద్దున్నే రేవు బురదలో చిన్న కర్రలతో కంచె అల్లుతారు. మూడు పోట్లకు అది పడిపోకుండా నిలవాలి. కొమ్ము ఊది ముగించే ఈ ఆచారం మధ్యయుగాల నాటిది, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

తిరుగు ప్రయాణం టైము ముందుగానే చూసుకోండి. ఒకప్పుడు నాలుగు దిక్కుల రైళ్లు వచ్చిన ఊరికి ఇప్పుడు మిడిల్స్‌బరో లైను ఒక్కటే ఏడాది పొడవునా నడుస్తోంది, అదీ రోజుకు కొద్ది రైళ్లే. చివరిది తప్పితే రాత్రికి అక్కడే ఉండాలి. రైలు కదిలిన కాసేపటికి ఎడమ, కుడి కిటికీలు రెండూ గమనించండి. నది మీద పదమూడు కమానుల ఎత్తైన ఇటుక వంతెన కనబడుతుంది. 1965లో మూసేసిన స్కార్‌బరో రైలు దారిది అది. ఇప్పుడు దాని మీద పట్టాలు లేవు, సైకిళ్ల మీద పిల్లలు వెళుతుంటారు.